పెట్టె మీది వేగము

గడచిన మాసమున మన సంఘ కార్యవర్గము ముందునకు ఒక ప్రతిపాదన వచ్చినది. సభ్యుల కొరకు సెల్‌ఫోనులను టోకున కొని, పైకమును పంట చేతికి వచ్చిన పిమ్మట వాయిదాలమీద వసూలు చేసికొనవలెనని కొందరు సభ్యులు కోరిరి. కోరిక న్యాయమైనదే. పంట నమోదు మొదలు బ్యాంకు ఖాతా వరకు, ఆధార్ ధ్రువీకరణము మొదలు మిరపయార్డు ధరవరల వరకు నేడు ఫోను లేనిదే రైతునకు పని జరుగుట లేదు. కావున ప్రతిపాదన మీద మాకు ఆక్షేపణ లేదు. అయితే దానికి జతపరచిన ధరల పట్టికలో ఫోనుల మంచిచెడ్డలను నిర్ణయించుటకు ఒకే యొక అంకె వాడబడినది. అది ప్రాసెసరు వేగము. ఎక్కువ గిగాహెర్ట్జులు గల ఫోను మేలైనదనియు, తక్కువ గలది నాసిదనియు పట్టిక వ్రాసినవారి యభిప్రాయము. ఈ యభిప్రాయము వలన సంఘమునకును సభ్యులకును నష్టము కలుగునని మేము తలచుచున్నాము. ఏల అట్లు తలచుచున్నామో విన్నవింతుము.

ఈ విషయము మా దృష్టికి వచ్చుటకు కారణము ఒక సభ్యుని కష్టము. పర్చూరు వైపున మిరప సేద్యము చేయు వృద్ధ సభ్యులొకరు, తమ పనులకును మనుమరాలి చదువునకును అక్కరకు వచ్చునని పట్టణమున కొక దినము పోయి ఫోను కొనిరి. దుకాణదారు రెండు ఫోనులు ముందుంచి, "బాబాయిగారూ, రెండిటి ధరా ఇంచుమించు ఒక్కటే. ఇది రెండు పాయింటు రెండు గిగా, అది ఒకటి పాయింటు ఎనిమిదే. కోరులు రెండిటికీ ఎనిమిదేసి ఉన్నాయి. ఇక మీ ఇష్టం" అనెనట. వారు పెద్ద అంకెనే కోరుకొనిరి. మేమున్నను అట్లే చేసియుందుము. రెండు నెలలు తిరుగకముందే ఆ ఫోను మొరాయించుట మొదలిడెను. బ్యాంకు వారు పంపిన ఓటీపీ సంఖ్యను తెర మీదికి తెచ్చి చూచుకొనునంతలో గడువు తీరిపోవును. మరల కోరుదురు, మరల తీరిపోవును. మనుమరాలి పాఠము నడుమ చిత్రము నిలిచిపోయి మాట మాత్రము వినబడును. ఒక్కొకసారి ఆ మాటయు వినబడదు.

వాడరేవున సరుగుడుతోపు నీడను మేము సభ్యులతో కూర్చుండిన దినమున వారు ఆ ఫోనును మా చేతిలో నుంచి, "అయ్యా డిమాన్‌స్ట్రేటరుగారూ, అంకె పెద్దదని కొన్నాను. ఈ అంకె అబద్ధమా?" అని యడిగిరి. విచారించి చూడగా అబద్ధము కాదు. ఆ మాట వారితో చెప్పవలసి వచ్చినందులకే మాకు ఎక్కువ కష్టము తోచినది. అబద్ధమైనచో పట్టుకొనుటకు చట్టమున్నది. నిజమైన అంకెతో మోసపోయినవాడు ఎవరితో మొరపెట్టుకొనగలడు?

ఇంతకును వేగమనగా నేమి? ప్రాసెసరు అనునది ఫోనులో లెక్కలు చేయు చిన్న సిలికాను బిళ్ల. గుండె కొట్టుకొనునట్లు దానికొక తాళము కలదు. సెకనుకు ఎన్ని కొట్టులు పడునో అదియే గిగాహెర్ట్జుల లెక్క. ఒక గిగాహెర్ట్జ్ అనగా సెకనుకు నూరు కోట్ల కొట్టులు. వినుటకు గొప్పగనే యున్నది. కాని ఒక్కొక్క కొట్టునకు ఎంత పని జరుగునో ఆ యంకె చెప్పదు. మన పెద్దలు ఏతము త్రొక్కిన దినములను జ్ఞప్తికి తెచ్చుకొందము. గంటకు ఏతము ఎన్ని మారులు మునిగెనో లెక్కించి, ఎంత నేల తడిసెనో చెప్పగలమా? బాన చిన్నదైనచో ఎన్ని మారులు ముంచినను మడి నిండదు. పెద్ద బాన కట్టినవాడు నెమ్మదిగ త్రొక్కియు ముందుగనే యింటికి చేరును. గిగాహెర్ట్జ్ అనునది ముంపుల లెక్కయే గాని బాన కొలత కాదు.

బజారులో నందరెరిగిన ఉదాహరణమొకటి చూపెదము. తైవాను దేశపు మీడియాటెక్ సంస్థ తక్కువ ధర ఫోనుల కొరకు 2020లో హీలియో జి35 అనియు, హీలియో జి85 అనియు రెండు చిప్పులను వెలువరించినది. జి35లో ఎనిమిది కోరులును కార్టెక్స్ ఎ53 అను జాతివి. వానిలో నాలుగు 2.3 గిగాహెర్ట్జుల వరకు, నాలుగు 1.8 వరకు నడచును. జి85లో కార్టెక్స్ ఎ75 జాతివి రెండు 2.0 వరకు, ఎ55 జాతివి ఆరు 1.8 వరకు నడచును. అంకెను మాత్రము చూచువాడు 2.3 గలదే మేలనును. వాస్తవమున 2.0 గల జి85యే ఎంతో చురుకైనది. ఎ53 అనునది విద్యుత్తు పొదుపునకై 2012లో ప్రకటింపబడిన చిన్న కోరు. అది ఆజ్ఞలను వచ్చిన వరుసలోనే, కొట్టునకు రెండింటికి మించకుండ స్వీకరించును. ముందున్న ఆజ్ఞ దేనికొరకైన నిరీక్షించుచున్నచో వెనుకనున్నవియు దానితోపాటు నిలిచిపోవును. ఎ75 కొట్టునకు మూడింటిని స్వీకరించుటయే గాక, ముందున్నది ఆగినపుడు వెనుకనున్నవానిలో సిద్ధముగ నున్నవానిని ప్రక్కనుండి పంపివేయును. గుంటూరు యార్డు గేటు కడ ఒక లారీకి కాగితము దొరకక ఆగినప్పుడు, వెనుక బారు తీరిన లారీలన్నిటిని ఎండలో నిలుపుటకును, సిద్ధముగ నున్నవానిని ప్రక్కదారిని లోనికి వదలుటకును గల భేదమే యిది. మిరప సీజనులో అచట నిలిచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

చిప్పు చేసినవారు ఈ వివరములను దాచలేదు. తమ పత్రములలో కోరుల జాతియు, సంఖ్యయు విడివిడిగ ప్రకటించియే యున్నారు. ఆ వివరము ఫోను తయారుచేయువానిని, ప్రకటన వ్రాయువానిని, టోకు వర్తకుని దాటి దుకాణపు గాజుబీరువా చేరునప్పటికి "2.3 గిగాహెర్ట్జ్, ఆక్టాకోర్" అని రెండు మాటలుగ కుదించుకొనిపోవును. నలుగురు నాలుగు మెట్లు దిగి వచ్చుసరికి మిగిలినది అంకె యొక్కటే.

ఎనిమిది కోరుల సంగతియు ఇట్టిదే. ప్రత్తి తీతకు ఎనమండుగురు కూలీలను పెట్టిన పని ఎనిమిదవ వంతు కాలములో ముగియవచ్చును. నూయి త్రవ్వుటకు ఎనమండుగురిని పిలిచినచో లోన దిగువారు ఒకరిద్దరే; తక్కినవారు గట్టు మీద చుట్ట కాల్చుకొందురు. ఫోనులో మనము చేయు పనులలో నూయి త్రవ్వు రకమువే యెక్కువ. ఒక కార్యక్రమము తెరచుట, ఒక పేజీ చూపుట మొదలగునవి చాలవరకు ఒకటి రెండు కోరుల బలము మీదనే యాధారపడును. పైగా ఎనిమిదింటికిని ఒకే వేగమున్నట్లు ప్రకటనలు తోపింపజేయును. రెండింటి వేగమును ఎనిమిదింటికి అంటగట్టుట, మందలోని మంచి గిత్తలు రెండింటిని చూపి మందనంతయు అమ్ముట వంటిది.

ఇక మన ప్రాంతమునకు ముఖ్యమైన విషయమొకటి కలదు. పెట్టె మీద వ్రాసిన వేగము గరిష్ఠ వేగము. చల్లని గదిలో, కొద్ది నిమిషముల పాటు ఫోను దానిని అందుకొనును. వేడెక్కినచో తన్ను తాను కాపాడుకొనుటకై చిప్పు వేగమును తగ్గించుకొనును. ఇది దోషము కాదు, అట్లు చేయనిచో కాలిపోవును. కాని రెంటచింతలలో మే మాసపు టెండను, మిరప కల్లము మీద, చొక్కా జేబులో నుండిన ఫోను సంగతి యేమి? కాయలు ఆరబెట్టు వేళనే గదా మనకు యార్డు ధరలతోను, వర్తకుల సందేశములతోను ఎక్కువ పని! ఏ పెట్టె మీదను "కల్లము మీది వేగము" అని వ్రాసినది మేము చూడలేదు.

ఇటీవల మరియొక యంకె ప్రచారములోనికి వచ్చినది. నాలుగు జీబీల ర్యామ్ గల ఫోనుకు "8 జీబీ" అని వ్రాసి, పైన నక్షత్రపు గుర్తు పెట్టి, క్రింద చీమకాళ్ల వంటి యక్షరములతో "ఇందులో 4 జీబీ వర్చువల్" అని వ్రాయుచున్నారు. ర్యామ్ అనునది ఫోనునకు కల్లము. పని జరుగు చోటు. స్టోరేజి అనునది గాదె; దాచుకొను చోటు. గాదెలో నొక మూలను కల్లమని పేరు పెట్టినంత మాత్రమున అచట నూర్పిడి సాగునా? గాదె లోపలికి మోసి, బయటికి మోసి కాలము గడచును. కొంత ప్రయోజనము లేకపోలేదు. తెరచి విడిచిన కార్యక్రమములు మూసికొనిపోకుండ కొంత నిలుచును. అయినను దానిని అసలైన ర్యామ్‌తో కూడి యొకే లెక్కగ చెప్పుట న్యాయము కాదు. ప్రాసెసరు అంకెకన్న ఇదియే మాకు ఎక్కువ కోపము తెప్పించునది. ఆ యంకెలో అజ్ఞానమునకు చోటున్నది. ఈ యంకెలో ఉద్దేశము స్పష్టముగ కానవచ్చుచున్నది.

ఇట్టి పోకడ ఈనాటిది కాదు, మన దేశమునకే చెందినదియు కాదు. 2000వ సంవత్సరమున ఇంటెల్ సంస్థ పెంటియం 4 అను ప్రాసెసరును వెలువరించి, మెగాహెర్ట్జుల పెంపుదలనే గొప్పగ చాటినది. దాని ప్రతికక్షియైన ఏఎండీ సంస్థ తన ప్రాసెసరు తక్కువ కొట్టులతో ఎక్కువ పని చేయునని యెరిగియు, ప్రజలు అంకెనే చూతురని గ్రహించి, 2001లో 1.53 గిగాహెర్ట్జులతో నడచు ప్రాసెసరునకు "1800+" అని పేరు పెట్టుకొనవలసి వచ్చెను. అంకెల పోటీ ఎంతదూరము పోయెననగా, 4 గిగాహెర్ట్జుల పెంటియం 4 తెత్తుమన్న ఇంటెల్ వారే 2004లో ఆ యత్నమును మానుకొనిరి. ఆ ఏఎండీ సంస్థయే పిమ్మట కోరుల లెక్కలో చిక్కినది. ఎనిమిది కోరులని అమ్మిన ప్రాసెసరులలో కోరులు జంటలుగ కొన్ని భాగములను పంచుకొనుచున్నవనియు, అవి నిండైన యెనిమిది కావనియు అమెరికాలో దావా వేయగా, 2019లో 1 కోటి 21 లక్షల డాలరులకు రాజీపడెను.

పరీక్షలనే యేమార్చిన కథలును గలవు. ఫోనుల వేగమును కొలుచుటకు కొన్ని పరీక్షా కార్యక్రమములు వాడుకలో నున్నవి. సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్ 4 ఫోను అట్టి కొన్ని కార్యక్రమములను పేరుతో గుర్తుపట్టి, ఆ సమయమున మాత్రము అధికవేగము చూపుచున్నదని 2013లో ఆనంద్‌టెక్ పత్రిక వెల్లడించెను. అమెరికాలో దీనిపై నడచిన దావా 2019లో 1 కోటి 34 లక్షల డాలరుల రాజీతో ముగిసెను. తప్పు చేసితిమని మాత్రము ఆ సంస్థ యొప్పుకొనలేదు. 2020లో మీడియాటెక్ చిప్పులు గల కొన్ని ఫోనులలోను ఇట్టి యేర్పాటు కలదని అదే పత్రిక వ్రాయగా, పరిశ్రమలో నందరు అనుసరించు పద్ధతినే అనుసరించితిమని ఆ సంస్థ సమాధానము చెప్పెను. అందరును అదే పద్ధతి అనుసరించుచున్నారనుట సమాధానమగునా? తూనికల ఇన్‌స్పెక్టరు వచ్చిన దినమున మాత్రము సరిగ తూగు కాటాను మన యార్డులో ఎవరైన మెచ్చుకొందురా?

చవుకదనము మీది యాశ కూడ మనలను చాలమారులు దారి తప్పించినది. 2016 ఫిబ్రవరిలో నోయిడాలోని యొక సంస్థ 251 రూపాయలకే 1.3 గిగాహెర్ట్జుల నాలుగు కోరుల ఫోను నిత్తునని ప్రకటింపగా దేశమెల్ల ఎగబడినది. చూపిన నమూనా ఫోను మీద వేరొక సంస్థ పేరు తెల్లరంగుతో కప్పబడియున్నదని పత్రికలు బయటపెట్టెను. దీనికి భిన్నమైనది 2011 అక్టోబరులో కేంద్రప్రభుత్వము విద్యార్థుల కొరకు వెలువరించిన ఆకాశ్ టాబ్లెట్టు. అది మన హైదరాబాదులోనే కూర్చబడినది. దానిలో 366 మెగాహెర్ట్జుల ప్రాసెసరు, 256 ఎంబీల ర్యామ్ కలవని దాచకుండ చెప్పిరి. అంకె నిజమే, వస్తువు మాత్రము విద్యార్థుల యవసరమునకు చాలలేదు. మరుసటి సంవత్సరము ప్రాసెసరును ఒక గిగాహెర్ట్జునకు పెంచి రెండవ ఆకాశ్‌ను తేవలసివచ్చెను. అంకె నిజమగుట వేరు, పనికి చాలుట వేరు.

మన యెరువుల బస్తాతో పోల్చి చూడుడు. 28-28-0 అని వ్రాసిన 50 కిలోల బస్తాలో నత్రజని 14 కిలోలు, భాస్వరము 14 కిలోలు ఉండి తీరవలెను. లేనిచో 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు క్రింద నమూనా తీసి, ప్రయోగశాలకు పంపి, అమ్మినవానిమీద చర్య తీసికొనవచ్చును. విత్తనపు సంచికి 1966 నాటి విత్తన చట్టము కలదు. మొలక శాతము ఎంతయో చీటీ మీద నుండవలెను. ఈ చట్టములున్నను కల్తీ ఆగలేదని మనకు తెలియును. కాని ఆ యంకెకు అర్థమేమో, దానిని ఎట్లు కొలువవలెనో అందరికి ఒకటే. ఫోను మీది బీఐఎస్ గుర్తు విద్యుత్తు మొదలగు వాని భద్రతకు సంబంధించినదే గాని వేగమునకు సాక్ష్యము కాదు. వేగమును ఇట్లు కొలిచి యిట్లు వ్రాయవలెనను నియమమేదియు ఫోను పెట్టెకు లేదు.

ఇచట మేము మా తప్పును కూడ ఒప్పుకొనవలెను. ప్రదర్శన క్షేత్రముల ఫలితములను మీకు చెప్పునపుడు మేమును "ఎకరమునకు ఇన్ని క్వింటాళ్ల వరకు" అని చెప్పుచు వచ్చితిమి. ఆ "వరకు" అను మాట ఎంత బరువు మోయుచున్నదో మాకు తెలియును. మేమెంచుకొన్న నేల మంచి నల్లరేగడి, నీరు సమయమునకు పారినది, పైరును దినదినము చూచువారుండిరి. చౌడు నేలలో, కాలువ చివర నున్న రైతు అదే విత్తనము వేసి అందులో సగము పండించి, "మీరు చెప్పినంత రాలేదేమండీ" అని యడిగినపుడు మేము "వరకు అనియే గదా చెప్పితిమి" అని తప్పించుకొన్న దినములు లేకపోలేదు. ఫోను పెట్టె మీద "2.3 గిగాహెర్ట్జ్ వరకు" అని చూచినప్పుడెల్ల ఆ సంగతి గుర్తునకు వచ్చుచున్నది. చిన్ననాడు మేము చదివిన మిషను పాఠశాలలో లెక్కల మాస్టరుగారు, జవాబు సరియైనను కొలమానము వ్రాయనిచో సున్న వేయుచుండిరి. అప్పుడు అన్యాయమనుకొంటిమి.

దుకాణదారుల నందరిని దోషులుగ చూపుట మా యుద్దేశము కాదు. వారికి పంపిన కాగితములో ఏమి యున్నదో అదియే చదివి వినిపింతురు. చిన్న కొట్లవారిలో చాలమందికి కోరుల జాతి యేమో తెలియదు. ఎనిమిదివేల రూపాయల ఫోను కొనుటయు తప్పు కాదు. మన సభ్యులలో అంతకుమించి పెట్టగలవారు కొందరే. ఆ యెనిమిదివేలకు వచ్చువానిలో నయమైనది ఏదో తెలియకపోవుటయే మా బాధ.

చట్టము పూర్తిగ చేతులు ముడుచుకొని యున్నదని చెప్పరాదు. 2020 జూలై 20 నుండి అమలులో నున్న వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము తప్పుదోవ పట్టించు ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మొదటి తప్పునకు పది లక్షలు, మరల చేసిన ఏబది లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చును. ముఖ్యమైన విషయమును దాచుట కూడ తప్పుదోవ పట్టించుటయే యని ఆ చట్టము చెప్పుచున్నది. 2022 జూన్ నాటి మార్గదర్శక సూత్రముల ప్రకారము, ప్రకటనలోని మాటకు సవరణ వ్రాయునపుడు ఆ మాట ఏ భాషలో, ఏ యక్షరములతో నున్నదో సవరణయు ఆ భాషలో, ఆ యక్షరములతోనే యుండవలెను. నక్షత్రపు గుర్తు క్రింది చీమకాళ్లు ఈ పరీక్షకు నిలుచునా యని ఎవరైన అడుగవలసియే యున్నది. రైతు తాను నివసించు జిల్లాలోని వినియోగదారుల కమిషనులోనే ఫిర్యాదు చేసికొనవచ్చును. వస్తువునకు చెల్లించిన పైకము 5 లక్షల లోపైనచో రుసుము లేదు. రెండేండ్లలోపల చేయవలెను. 1915 అను సంఖ్యకు ఫోను చేసినను ఫిర్యాదు వ్రాసికొందురు. బిల్లు లేనిచో ఇవేవియు సాగవు. పై వృద్ధ సభ్యులకు బిల్లు దొరకలేదు. అడుగగా "ఫోనులోనే పంపించాం" అనిరట. ఆ ఫోను తెరచుకొనినగదా!

ఇక కార్యవర్గమునకు మా విజ్ఞప్తి. ధరల పట్టికలోని గిగాహెర్ట్జుల వరుసను కొట్టివేసి, దాని చోట చిప్పు పేరును, కోరుల జాతిని, అసలైన ర్యామ్ ఎంతయో దానిని మాత్రమే వ్రాయించవలెను. వర్తకుడు ఇవి వ్రాసి సంతకము పెట్టనిచో అతని టెండరును చూడనక్కరలేదు. వానికన్న ముఖ్యమైనది, టోకున కొనుటకు ముందు ప్రతి రకము నుండి ఒక్కొక్క ఫోనును నమూనాగ తీసికొని మన పనులనే దానిచేత చేయించి చూడవలెను. కొత్త వంగడము వచ్చినపుడు ఊరంతయు వేయుమని మేమెన్నడును చెప్పలేదు. ఒక మడిలో వేసి, ప్రక్కన పాత వంగడము వేసి, కోతనాడు రెండింటిని కాటా వేసి చూపితిమి. ఫోనునకును అంతే. మండుటెండలో పది దినములు ఒక సభ్యుని జేబులో నుంచి, మధ్యాహ్నవేళ బ్యాంకు కార్యక్రమము తెరచి, పొలము ఫోటో తీసి పంపి, నడుమ నొక ఫోను పిలుపునకు బదులు చెప్పి, ఎంతసేపు పట్టెనో వ్రాసికొనవలెను. అక్కర తీరుచున్నచో అంకె చిన్నదైనను కొందము. కేంద్రప్రభుత్వము 2022లో 63,000 ప్రాథమిక వ్యవసాయ సంఘములకు కంప్యూటర్ల నమర్చు పథకమును 2,516 కోట్ల రూపాయలతో ఆమోదించినది. ఇకముందు సంఘములు స్వంతముగ కొను యంత్రములకును ఈ పద్ధతియే మేలు.

వర్తకులు ఇందులకు ఒప్పుకొనరని ఒకరిద్దరు సభ్యులు సందేహించిరి. ఒక్క ఫోను కొనువాని మాట వారు వినకపోవచ్చును. రెండువందల ఫోనులు ఒకేసారి కొందుమన్న సంఘమునకు పది దినములకు నాలుగు నమూనాలిచ్చుట వారికి బరువు కాదు. సంఘము పెట్టుకొన్నది ఇట్టి బేరమున కొరకే గదా.

మొదటి పరీక్ష పర్చూరు సభ్యులవారి కల్లము మీదనే జరుగవలెనని మేము కోరగా వారు సంతోషముతో అంగీకరించిరి. పాత ఫోనును కూడ ప్రక్కనే యుంచి పోల్చి చూతురట. గడియారము పట్టుకొను పని మనుమరాలిది.